అమ్మకానికి ముస్తాబైన ఇళ్ళు - గార్డెన్ రీచ్ చెప్పే చరిత్ర

మన దినపత్రికల్లో ఆదివారం నాడు వచ్చే ఇళ్ళ ప్రకటనలు ఒకసారి తీరిగ్గా చదవండి. "100 శాతం వాస్తు", "ఈస్ట్ ఫేసింగ్", "లేక్ వ్యూ" - ఈ మూడింటిలో ఒక్కటైనా లేని ప్రకటన దొరకటం కష్టం. పునాది ఎంత లోతు తవ్వారు, కింద ఏ మట్టి ఉంది, బోరు నీళ్ళు పరీక్ష చేయించారా - ఇవి రాసిన ప్రకటన మాత్రం నేను ఇంతవరకు చూడలేదు. కొనేవాడు అడగడు, అమ్మేవాడు చెప్పడు. వ్యవహారం సాఫీగా సాగిపోతుంది.

ఇది మన దేశపు జబ్బే అనుకోకండి. అమెరికాలో ఉన్న మా మేనకోడలు ఇల్లు అమ్మకానికి పెట్టినప్పుడు ఏజెంటు వచ్చి మొట్టమొదట చేయించిన పని గోడల మీది కుటుంబం ఫొటోలు, దేవుడి పటాలు తీయించటం. కొనేవాళ్ళు చూడటానికి వచ్చే వారం రోజులూ ఇంట్లో ఇంగువ తాళింపు పెట్టవద్దన్నాడట! అద్దెకు సోఫాలు తెచ్చి వేశారు. బల్ల మీద ఎవరూ తినని పళ్ళు పెట్టారు. దీన్ని అక్కడ హోమ్ స్టేజింగ్ అంటారు. 1970లలో వాషింగ్టన్ రాష్ట్రంలో బార్బ్ స్వార్జ్ అనే ఆవిడ దీనికి ఆ పేరు పెట్టి ఒక వృత్తిగా మలిచింది. నాటకానికి రంగం సిద్ధం చేసినట్లు ఇంటిని సిద్ధం చేయటమన్న మాట. ఇంత చేసినా ఇల్లు కదలకపోతే మరో ఉపాయం ఉంది. సెయింట్ జోసెఫ్ బొమ్మ ఒకటి కొని పెరట్లో తలకిందులుగా పాతిపెడతారు. ఆ బొమ్మలు, పాతే విధానం రాసిన కాగితంతో సహా, పెట్టెల్లో పెట్టి అమ్ముతారు. గుమ్మానికి కట్టిన బూడిద గుమ్మడికాయను చూసి నవ్వే ఎన్నారై మిత్రులు ఈ సంగతి ఎందుకో చెప్పరు.

ఈ ముస్తాబు వ్యవహారం ఎంత పాతదో నాకు బాగా అర్థమైంది కలకత్తాలో, గార్డెన్ రీచ్‌లో. ఉత్తరాంధ్ర రైల్వే కుటుంబాలకు ఈ పేరు కొత్త కాదు. ఆగ్నేయ రైల్వే ప్రధాన కార్యాలయం ఉన్నది అక్కడే. 2003లో ఈస్ట్ కోస్ట్ రైల్వే ఏర్పడేదాకా వాల్తేరు డివిజన్ దాని కిందే ఉండేది. "గార్డెన్ రీచ్ నుంచి ఆర్డరు వచ్చింది" అంటే వాల్తేరులో గుమాస్తాలు లేచి నిలబడేవారు. ఉద్యోగరీత్యా నేను కొన్నేళ్ళు అక్కడ ఉన్నాను. సెలవు రోజుల్లో పాత బంగళాలు, పాత పుస్తకాలు చూడటం తప్ప నాకు వేరే కాలక్షేపం ఉండేది కాదు.

రీచ్ అంటే నది వంపు తిరగకుండా సాగే భాగం. సముద్రం నుంచి హుగ్లీ మీదుగా కలకత్తా వచ్చే ఓడకు ఫోర్ట్ విలియం కన్నా ముందు కనిపించేది ఈ ఒడ్డే. 18వ శతాబ్దం రెండో సగంలో కంపెనీ దొరలు ఇక్కడ వరుసగా తోట ఇళ్ళు కట్టుకున్నారు. ముఖాలన్నీ నది వైపే. పెద్ద పెద్ద స్తంభాలు, వరండాలు, నీటి అంచు దాకా పచ్చిక. 1780లో వచ్చిన ఎలైజా ఫే అనే ఇంగ్లీషావిడ ఓడ మీంచి ఈ వరుస చూసి మురిసిపోయి ఇంటికి ఉత్తరం రాసింది. ఆమె తర్వాత వచ్చిన ప్రయాణికులూ అంతే. అందరూ పాలరాతి భవనాల మాదిరిగా ఉన్నాయని రాసేవారే!

పాలరాయి ఎక్కడిది? గంగ ఒండ్రు మట్టిలో గులకరాయి కూడా దొరకదు. అక్కడున్నది ఇటుక. దాని మీద సుర్ఖీ, అంటే ఇటుక పొడి కలిపిన సున్నం గచ్చు. ఆ పైన తెల్ల సున్నం. సున్నపురాయి సిల్హెట్ కొండల నుంచి పడవల్లో వచ్చేది. అక్కడ కలెక్టరుగా పనిచేసిన రాబర్ట్ లిండ్సే జీతం మీద కన్నా ఈ సున్నం వ్యాపారం మీదే బాగుపడ్డాడు. ఇంకా ఖరీదైన రకం మన దక్షిణాది సరుకు. దాన్ని వాళ్ళు మద్రాసు చూనం అనేవారు. సముద్రపు గుల్లలు కాల్చిన సున్నాన్ని గానుగలో మెత్తగా నూరి, బెల్లం నీళ్ళు, కోడిగుడ్డు తెల్లసొన లాంటివి కలిపి పూసి, నున్నటి రాయితో రోజుల తరబడి రుద్దితే అద్దంలాగా మెరుస్తుంది. మన పాత మిద్దెల్లో గచ్చు చేసిన మేస్త్రీలకు ఇది కొత్త విద్య కాదు.

ఒక పాత బంగళా వెనక గోడ నాకు ఇప్పటికీ గుర్తుంది. నది వైపు స్తంభాలకు ఏటా సున్నం పడేది. వెనక వైపు ఎవరూ చూడరు కనుక గచ్చు ఊడి ఎర్రటి ఇటుకలు కనిపించేవి. ఇటుకల మధ్య రావి మొక్క మొలిచి ఉండేది. ఒక వానాకాలం గడిస్తే ముందు గోడా అంతే అవుతుంది. రంగు లేకపోతే కట్టడం వయసు తెలుస్తుంది.

ఈ మెరుపు ఊరికే సరదా కాదు, వ్యాపారం. కలకత్తాలో తెల్లదొర ఇల్లే అతని పరపతి. ఏజెన్సీ హౌసులనే పెద్ద వర్తక కంపెనీలు యజమానుల దర్జా చూపించే జనం దగ్గర డిపాజిట్లు పోగుచేశాయి. 1830లో పామర్ కంపెనీ దివాలా తీసింది. 1834 నాటికి మిగిలిన పెద్ద హౌసులూ కూలిపోయాయి. ఎంతోమంది ఉద్యోగుల, వితంతువుల సొమ్ము వాటితో పాటే పోయింది.

ఇళ్ళు చేతులు మారటం అక్కడ చాలా మామూలు. దొర డబ్బు చేసుకుని ఇంగ్లండు వెళ్ళిపోతాడు, లేదా జ్వరంతో పోతాడు. రెండు విధాలా ఇల్లు వేలానికి వస్తుంది. వేలాన్ని బెంగాలీలో నీలాం అంటారు, పోర్చుగీసు వారి నుంచి వచ్చిన మాట. 1780లో హికీ పత్రిక, 1784లో కలకత్తా గెజెట్ మొదలైన నాటి నుంచీ ఈ ప్రకటనలు వాటి నిండా ఉండేవి. అన్నిటిలోకీ పేరుపడ్డది వారెన్ హేస్టింగ్స్ ఇళ్ళ ప్రకటన. గార్డెన్ రీచ్‌కు కూతవేటు దూరంలోని అలీపూర్‌లో అతనికి ఇళ్ళు, తోటలు ఉండేవి. 1785లో అతను దేశం వదిలి వెళ్ళాక వాటిని మూడు భాగాలుగా వేలానికి పెట్టారు. అందులో ఏం చెప్పారో చూడండి. మంచి మెట్లు, మద్రాసు చూనంతో ముగింపు, పండ్ల చెట్లు, గుర్రపు సాలలు, బళ్ళ షెడ్లు, శ్రేష్ఠమైన నీళ్ళున్న చెరువు! రెండున్నర శతాబ్దాల తర్వాత మన ప్రకటనల్లో గుర్రపు సాల స్థానంలో కారు పార్కింగు, చెరువు స్థానంలో లేక్ వ్యూ వచ్చాయి. మిగతాది పెద్దగా మారలేదు.

అయితే ఆ కలకత్తా ఇళ్ళలో ఒక విషయానికి నేను మెచ్చుకోలు చెప్పాలి. అది పైకప్పు. గోడల మీద పెద్ద దూలాలు, వాటి మీద అడ్డంగా చిన్న దంతెలు, ఆపైన ఇటుక పలకలు, వాటి మీద సుర్ఖీ సున్నం దిమ్మెస కొట్టిన మిద్దె. మనవాళ్ళు మద్రాసు మిద్దె అనే దానికి దగ్గరి చుట్టం. బెంగాలీలో కొడి-బర్గా అంటారు. ఇంగ్లండులో గది పైకప్పుకు కింద తెల్లగా గచ్చు పూసి, పూలు, లతలు తీర్చటం ఆచారం. కలకత్తాలో ఎంత గొప్ప దొర ఇంట్లోనైనా ఆ పని చేసేవారు కాదు. దూలాలు బోడిగా కనిపిస్తూ ఉండేవి. కొత్తగా వచ్చినవారికి అది పశువుల కొట్టంలాగా అనిపించేదట. పాలరాయిలాంటి గోడలు, కింద ఖరీదైన తివాచీలు, పైన చూస్తే మొద్దు దూలాలు!

కారణం చెద. చెదపురుగు దూలాన్ని లోపలి నుంచి తింటుంది. పైన పలచని పొర వదిలేస్తుంది. రంగు వేసిన దూలం పైకి నిక్షేపంగా ఉంటుంది. ఒక రోజు భోజనాల వేళ నెత్తిన పడుతుంది. కింద సీలింగు వేస్తే చెద పట్టిందో లేదో తెలిసే దారి లేదు. కనుక అందం పోయినా ఫరవాలేదని దూలాలు కళ్ళకు కనిపించేలా వదిలేశారు. మట్టి గీత కనిపిస్తే అక్కడ తట్టి చూడవచ్చు. బోలు శబ్దం వస్తే దూలం మార్చాలి.

హేతువాదులకు ఇందులో ఆసక్తికరమైన సంగతి ఒకటుంది. "ఈ దూలానికి చెద లేదు" అన్నది పరీక్షకు లొంగే మాట. సుత్తితో తడితే నిజమో అబద్ధమో తేలిపోతుంది. "ఈశాన్యం పెరిగింది కనుక ఈ ఇల్లు కలిసొస్తుంది" అన్నదాన్ని దేనితో తట్టాలి? కలిసిరాకపోతే నైరుతిలో గొయ్యి ఉందంటారు. గొయ్యి పూడిస్తే వీధిపోటు అంటారు. మూఢనమ్మకాలు దండిగా ఉన్న ఆ దొరలు కూడా నెత్తిన పడే వస్తువు దగ్గరికి వచ్చేసరికి సుత్తినే నమ్ముకున్నారు. ఇవాళ మనం లక్షలు పోసి పీఓపీ ఫాల్స్ సీలింగు వేయించుకుంటున్నాం. స్లాబు చెమ్మగిల్లిందో, కడ్డీ తుప్పు పట్టి పెచ్చులూడుతోందో అది ఊడిపడేదాకా తెలియదు. అమ్మే ముందు సీలింగు కొత్తగా వేయించారంటే నాకు మాత్రం అనుమానమే.

ఇక చెరువు సంగతి. బెంగాల్‌లో ఇల్లు కట్టాలంటే ముందు పక్కన గుంట తవ్వాలి. నేల పల్లం కనుక ఆ మట్టితో ఇంటి అరుగు ఎత్తు చేస్తారు, ఇటుకలూ కాలుస్తారు. ఆ గుంట వాన నీటితో నిండి పుకూర్ అవుతుంది. అంటే ఇల్లూ చెరువూ ఒకే కాన్పులో పుట్టిన కవలలు. గార్డెన్ రీచ్ తోటల్లో ఇది ఉండి తీరేది. ప్రకటనలో దానికి పెద్ద పీట ఉండేది. అసలు తోట ఇల్లు కొనటానికి చెప్పే మొదటి కారణమే ఆరోగ్యం. రోగాలన్నీ కుళ్ళు గాలి వల్ల వస్తాయని అప్పటి వైద్యుల నమ్మకం. మలేరియా అన్న మాటకు అర్థమే చెడు గాలి. ఊరి మురికికి దూరంగా, నది గాలి తగిలే చోట ఉంటే జ్వరాలు రావని చెప్పేవారు. ఏషియాటిక్ సొసైటీ స్థాపించిన సర్ విలియం జోన్స్ కూడా గార్డెన్ రీచ్‌లోనే కాపురమున్నాడు. 1794లో 47 ఏళ్ళకే అక్కడే కన్నుమూశాడు. పార్క్ స్ట్రీట్ శ్మశానానికి వెళ్ళి సమాధుల మీద వయసులు చదివితే, నది గాలి ఎవరిని కాపాడిందో తెలుస్తుంది. ముప్పై దాటనివి ఎన్నో.

1884 ఫిబ్రవరిలో జర్మన్ శాస్త్రవేత్త రాబర్ట్ కాఖ్ కలకత్తాలో ఒక పుకూర్ నీళ్ళు తీసి పరీక్షించాడు. కలరా రోగుల పేగుల్లో తాను చూసిన కామా ఆకారపు క్రిమి ఆ నీళ్ళలో కనిపించింది. చుట్టుపక్కల గుడిసెలవాళ్ళు ఆ చెరువులోనే బట్టలు ఉతికి, స్నానం చేసి, ఆ నీళ్ళే తాగేవారు. ఆ చోటు పేరు సాహెబ్ బాగాన్, అంటే దొరగారి తోట! బేలియాఘాటా దగ్గర ఉంది. పద్నాలుగేళ్ళ తర్వాత, 1898లో, అదే ఊళ్ళో రొనాల్డ్ రాస్ పక్షుల మలేరియా దోమల ద్వారా ఎలా పాకుతుందో మొదటి నుంచి చివరిదాకా రుజువు చేశాడు. నిలవ నీటికి ఇంటి పక్కనే పెట్టిన గుంటకు అప్పటిదాకా ఉన్న గౌరవం ఏమైందో మీరే ఊహించుకోండి.

ఇక్కడ ఒక న్యాయం పాటించాలి. 1785 ప్రకటన రాసిన గుమాస్తా అబద్ధమాడలేదు. నీళ్ళు తేటగా, తియ్యగా ఉంటే మంచి నీళ్ళే అని అతను నిజంగానే నమ్మాడు. కలరా నీళ్ళలోని సూక్ష్మక్రిమి వల్ల వస్తుందని అప్పటికి ఎవరికీ తెలియదు. తెలియక చెప్పిన మాటకూ, తెలిసి దాచిన మాటకూ తేడా ఉంది. ఆ రెండోది తర్వాత వస్తుంది.

19వ శతాబ్దం మధ్యకు వచ్చేసరికి గార్డెన్ రీచ్ వైభవం తగ్గింది. ఆవిరి ఓడలు వచ్చాయి, ఒడ్డు వెంట కంపెనీల యార్డులు వచ్చాయి. దొరలు చౌరంఘీకీ, అలీపూర్‌కీ సర్దుకున్నారు. పాతబడిన ఆ భవనాలకు 1856లో ఒక పెద్ద గిరాకీ దొరికింది. కంపెనీ రాజ్యం లాక్కున్న అవధ్ నవాబు వాజిద్ అలీ షా లక్నో నుంచి కలకత్తా వచ్చాడు. సుప్రీం కోర్టు ప్రధాన న్యాయమూర్తి సర్ లారెన్స్ పీల్ అంతకు ముందు నివసించిన భవంతిలో దిగాడు. 1857 తిరుగుబాటు రోజుల్లో ఆయన్ను ఫోర్ట్ విలియంలో బంధించి రెండేళ్ళు ఉంచారు. విడుదలయ్యాక మటియాబుర్జ్‌లో మరో లక్నో కట్టాడు. జంతుశాల, పావురాలు, పాముల గుట్ట, సంగీతం - ఇవన్నీ చిన్నతనంలో అక్కడే గడిపిన అబ్దుల్ హలీం షరర్ వివరంగా రాశాడు. 1887లో నవాబు పోగానే ఆస్తి అంతా అమ్మకానికి వెళ్ళింది. భవనాలు చాలావరకు కూల్చేశారు. ఆయన సమాధి ఉన్న ఇమాంబాడా మిగిలింది. మొదట దిగిన భవంతి తర్వాత బెంగాల్ నాగపూర్ రైల్వే చేతికి వచ్చి, ఆగ్నేయ రైల్వే జనరల్ మేనేజరు బంగళా అయింది.

తోటలు పోయాయి. వాటి స్థానంలో ఓడల కార్ఖానా, రైల్వే, దర్జీల వీధులు, ఇరుకు బస్తీలు వచ్చాయి. 1984లో గార్డెన్ రీచ్ మునిసిపాలిటీని కలకత్తా కార్పొరేషన్‌లో కలిపేశారు. నేల ధర పెరిగింది. చెరువులు మాత్రం ఇంకా కొన్ని మిగిలాయి. అవి ఇప్పుడు అందమూ కాదు, నీటి వసతీ కాదు. ఖాళీ స్థలం!

బెంగాల్‌లో 1984 నాటి మత్స్య చట్టానికి 1993లో చేసిన సవరణ ప్రకారం 5 కాఠాలు, ఆ పైన ఉన్న నీటి గుంటను పూడ్చటం నేరం. కాఠా అంటే మన లెక్కలో 80 గజాలు. చట్టం ఉంది. రాత్రిపూట చెత్త లారీలూ ఉన్నాయి. ముందు ఒక మూల చెత్త పడుతుంది, తర్వాత ఇటుక ముక్కలు, తర్వాత మట్టి. కొన్నాళ్ళకు అక్కడ చెరువు ఉండేదని చెప్పటానికి ముసలివాళ్ళు తప్ప ఎవరూ ఉండరు.

2024 మార్చి 17, ఆదివారం అర్ధరాత్రి గార్డెన్ రీచ్‌లోని అజహర్ మొల్లా బాగాన్‌లో కడుతూ ఉన్న అయిదంతస్తుల భవనం కూలి పక్కనున్న గుడిసెల మీద పడింది. పదిమందికి పైగా చనిపోయారు. అది అనుమతి లేని కట్టడమని నగర మేయరే ఒప్పుకున్నాడు. నీటి గుంట పూడ్చి దాని మీద కట్టారని స్థానికులు చెప్పినట్లు పత్రికలు రాశాయి. ఊరి పేరులోని బాగాన్ చూశారు కదా, అదీ ఒకనాటి తోటే. చచ్చినవాళ్ళు ఆ ఫ్లాట్లు కొన్నవాళ్ళూ కారు, అమ్మినవాళ్ళూ కారు. చాలామంది పక్కన నిద్రపోతున్న బీదవాళ్ళు.

కలకత్తా నేల కింద మెత్తటి బంకమన్ను. అక్కడక్కడ కుళ్ళిన ఆకులు, చెట్లతో ఏర్పడిన పీట్ పొరలు. పూడ్చిన గుంట ఇంకా అధ్వాన్నం. బరువు పడిన కొద్దీ కుంగుతుంది, అన్ని వైపులా సమానంగా కుంగదు. ఇది దాచటానికి పెద్ద నేర్పు అక్కర్లేదు. మీద టైల్సు పరిస్తే చాలు. 1785 గుమాస్తాకు తన చెరువులో ఏముందో తెలియదు. చెరువు పూడ్చినవాడికి మాత్రం తన పునాది కింద ఏముందో ఖచ్చితంగా తెలుసు. నేను ఇందాక వాయిదా వేసిన తేడా ఇదే.

మన హైదరాబాదు కథ చెప్పనక్కర్లేదు. చెరువు శిఖంలో ప్లాట్లు వేసి, ఆ ప్లాట్లలో ఫ్లాట్లు కట్టి, వాటికి లేక్ వ్యూ అని పేరు పెట్టి అమ్మారు. 2024 జులైలో హైడ్రా ఏర్పడి కూల్చివేతలు మొదలయ్యాక టీవీల ముందు ఏడ్చిన వాళ్ళలో కొన్నవాళ్ళు ఉన్నారు. ఫలానా ఇంట్లో చేరబోతూ నన్ను సలహా అడిగిన ఒక మిత్రుడు వాస్తు సిద్ధాంతికి వేలకు వేలు ఇచ్చి వంటగది తలుపు జరిపించాడు. అదే డబ్బుతో స్ట్రక్చరల్ ఇంజనీరును తీసుకెళ్ళమంటే, "ఆయనొచ్చి ఏం చెబుతాడండీ, గోడలు బాగానే ఉన్నాయిగా" అన్నాడు.

2016 రెరా చట్టంలో 14వ సెక్షను ప్రకారం, ఇల్లు స్వాధీనం చేసిన నాటి నుంచి 5 ఏళ్ళలోపు కట్టడంలో లోపం బయటపడితే, చెప్పిన 30 రోజుల్లో బిల్డరు తన ఖర్చుతో సరిచేయాలి. చేయకపోతే పరిహారం అడగవచ్చు. ఫిర్యాదు రాతపూర్వకంగా ఇవ్వటం మంచిది, పగుళ్ళ ఫొటోలు తేదీతో సహా దాచుకోండి. కొనే ముందు గ్రామ నక్షా తీసి, ఆ సర్వే నంబరు పక్కన చెరువుగానీ కుంటగానీ ఉందేమో చూడండి. హైదరాబాదు చుట్టుపక్కలైతే హెచ్‌ఎండీఏ చెరువుల హద్దుల పటాలు ఉన్నాయి, వాటితో పోల్చండి. వానాకాలంలో ఒకసారి వెళ్ళి, ఇంటి వెనక వైపు నిలబడి చూడండి.